మెడికల్ బోర్డుకు నేను రాసిన సంజాయిషీ

2006 ఏప్రిల్ నెలాఖరున అమెరికాలో ఫీనిక్స్ దగ్గరి ఒక ఆసుపత్రి నుంచి నాకు ఆఫర్ లెటర్ వచ్చింది. ఇంటర్నల్ మెడిసిన్‌లో ఒక రెసిడెంటు, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ శిక్షణ పొందే డాక్టరు, మధ్యలో వెళ్లిపోవడంతో ఖాళీ అయిన రెండో సంవత్సరం సీటు అది. జులై ఒకటిన చేరాలి. ఆలోగా రాష్ట్ర మెడికల్ బోర్డు ఇచ్చే ట్రైనింగ్ లైసెన్స్ చేతిలో ఉండాలి, లేకపోతే సీటు ఇంకొకరికి వెళ్తుంది. అప్పటికి నాకు నలభై నాలుగేళ్లు. ఇది పోతే మరో సీటు దొరకదని నాకు బాగా తెలుసు.

ట్రైనింగ్ లైసెన్స్ అంటే పూర్తి లైసెన్స్ కాదు. ఆ ఒక్క ఆసుపత్రిలో, పై డాక్టరు పర్యవేక్షణలో మాత్రమే చెల్లుతుంది. కాగితాలు సరిగ్గా ఉంటే దానంతటదే వచ్చేస్తుంది. నాది అలాంటి కేసు కాదు. నేను అంతకుముందు ఒక రెసిడెన్సీ పోగొట్టుకున్నవాణ్ణి.

అమెరికా రాకముందు పదమూడేళ్లు ప్రకాశం జిల్లాలో ప్రభుత్వ డాక్టరుగా, సివిల్ అసిస్టెంట్ సర్జన్ హోదాలో పనిచేశాను. అక్కడ డ్యూటీ డాక్టరు ప్రతిదానికీ సూపరింటెండెంటుకు కబురు పెడితే చేతకానివాడి కింద లెక్క. ఆ అలవాటుతోనే మిడ్‌వెస్ట్‌లోని ఒక ఆసుపత్రిలో ఇంటర్న్‌గా, అంటే మొదటి సంవత్సరం రెసిడెంటుగా చేరాను. ఒక మధ్యాహ్నం న్యుమోనియా పేషెంటుకు బీపీ పడిపోతే సెలైన్ ఎక్కించి, యాంటీబయాటిక్ మార్చి, అతను కుదుటపడ్డాక మరో పేషెంటు దగ్గరికి వెళ్లిపోయాను. అటెండింగ్‌కు, అంటే ఆ పేషెంటు బాధ్యత మోసే పెద్ద డాక్టరుకు, రెండు గంటల తర్వాత నర్సు చెబితే తెలిసింది. అలాంటివి మూడు జరిగాయి. వైద్యంలో తప్పు లేదన్నారు, చెప్పకపోవడమే తప్పన్నారు. మొదటి సంవత్సరం పూర్తి చేయనిచ్చారు గానీ కాంట్రాక్టు రెన్యూ చేయలేదు. నాకంటే చిన్నవాళ్లు నాకు పాఠాలు చెప్పడమేమిటని ఏడాదిపాటు ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో ఇంట్లో కూర్చుని రగిలిపోయాను.

లైసెన్స్ దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది. మీ కాంట్రాక్టును ఎక్కడైనా రెన్యూ చేయకుండా ఆపారా? అవునంటే వివరణ జతపరచాలి. అవునని టిక్కు పెట్టాను. ఇక వివరణ రాయడమంటారా, అది నాకు కొట్టిన పిండి. సర్వీసులో ఎన్నో మెమోలకు సంజాయిషీ ఇచ్చినవాణ్ణి. దానికో పద్ధతి ఉంది. జరిగిందేమిటో చెప్పకూడదు. పరిస్థితుల మీదికి తోసెయ్యాలి, చింతిస్తున్నాననాలి, ఇకపై పునరావృతం కానివ్వనని హామీ ఇవ్వాలి. ఆఫీసరు ఓసారి చూసి ఫైలు మూసేస్తాడు. "అనివార్య పరిస్థితుల్లో నా వల్ల జరిగిన లోపాలన్నిటికీ తీవ్రంగా చింతిస్తున్నాను" అంటూ అదే ధోరణిలో ఇంగ్లీషులో పేజీ నిండా రాసి పంపి, నిశ్చింతగా ఉన్నాను.

మే మూడో వారంలో బోర్డు నుంచి ఉత్తరం వచ్చింది. ఏ లోపాలు? పేషెంటుకు హాని జరిగిందా? మీ ఫైలు కమిటీకి వెళ్తోంది, జూన్ మధ్యలో సమావేశం, ఆలోగా జవాబివ్వండి.

కొత్త ఆసుపత్రిలో రెసిడెంట్ల కాగితాలు చూసే కోఆర్డినేటరు మిసెస్ డాలన్, అరవై దాటిన మనిషి. నన్ను పిలిపించి నేను రాసినది నా ముందు పెట్టింది.

"డాక్టర్, ఇది మూడుసార్లు చదివాను. మీరు ఎవరినైనా చంపారా?"

లేదన్నాను.

"మరి ఇన్ని క్షమాపణలు దేనికి? అసలేం జరిగిందో చెప్పండి."

చెప్పాను. అంతా విని, ఇదే రాయమంది, తేదీతో సహా, టైముతో సహా. పేషెంటు కోలుకున్నాడన్న ముక్క మొదట్లో కాదు, చివర్లో పెట్టమంది.

ఇంటికొచ్చి రాయబోతే, "నేను అటెండింగ్‌కు ఫోన్ చేయలేదు" అన్న ఒక్క వాక్యం దగ్గర పూటంతా ఆగిపోయాను. నా భార్య విజయ అది చదివి, "ఏవండీ, ఇలా ఓపెన్‌గా రాసేస్తే, రిజెక్ట్ చెయ్యడానికి మనమే రీజన్ ఇచ్చినట్టు కాదా?" అంది. నా భయమూ అదే. అయినా పంపాను.

ఇంకో గండం మిగిలింది. నా కాంట్రాక్టు రెన్యూ చేయని పాత ప్రోగ్రాం డైరెక్టరు నా శిక్షణ గురించి ఫారం నింపి నేరుగా బోర్డుకు పంపాలి. ఏడాదిగా ఆయన పేరెత్తితేనే నాకు మండేది. మనసు చంపుకుని ఫోన్ చేశాను. "నేను జరిగిందే రాస్తాను. మీరూ జరిగిందే రాస్తే రెండూ కలుస్తాయి" అన్నారు, అంతే. ఆయన రాసింది తర్వాత ఫైల్లో చూశాను. వైద్య పరిజ్ఞానం బాగుంది, పై డాక్టర్లకు చెప్పడు, దగ్గరుండి నేర్పేవాళ్లుంటే మంచి డాక్టరవుతాడు, శిక్షణ కొనసాగించడానికి సిఫారసు చేస్తున్నాను. నన్ను వద్దనుకున్న మనిషి నా కోసం రాసిన మాటలవి. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు సిగ్గుపడ్డాను.

కమిటీ నాతో ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడింది. ఆ రోజు ఎందుకు ఫోన్ చేయలేదని ఒక సభ్యుడు అడిగాడు. "ఏం చేయాలో నాకు తెలుసు కాబట్టి" అన్నాను. అవతల ఎవరో నవ్వారు. రెండు కాగితాలూ ఒకేలా ఉన్నాయి, ఇక అడగడానికేం లేదన్నారు. మూడు నెలలకోసారి ఆసుపత్రి నా గురించి రిపోర్టు పంపాలన్న షరతుతో, చేరడానికి నాలుగు రోజుల ముందు లైసెన్స్ వచ్చింది. విజయ భయం నేను చెప్పగా విన్న మిసెస్ డాలన్ దాన్ని రెండు కాపీలు తీసి, ఒకటి మా ఆవిడకివ్వమంది.

డ్యూటీలో చేరిన రెండో రోజే ఒక పేషెంటుకు బీపీ తగ్గింది. నర్సు సెలైన్ పెడుతుండగానే అటెండింగ్‌కు ఫోన్ చేసి అంతా చెప్పాను. "అన్నీ సరిగ్గానే చేస్తున్నారు. ఇంక నన్నేం చేయమంటారు?" అన్నాడు.

"ఏమీ వద్దు. మీకు తెలియాలని" అన్నాను.

ఆ తర్వాత రెసిడెన్సీ ముగించి, పన్నెండేళ్లు ప్రాక్టీసు చేసి రిటైరయ్యాను. ఆ లైసెన్స్ వ్యవహారం నాకు నేర్పింది ఒక్కటే. తెలియక అడగడం వేరు, తెలిసినా చెప్పడం వేరు. మొదటిది కాలేజీలోనే వచ్చింది. రెండోది నలభై నాలుగో ఏట వచ్చింది, అదీ నేర్చుకోవడానికి ఇంకో అవకాశం ఇచ్చినవాళ్లు ఉండబట్టి.