ప్రణాళికలో లేని వాన

సీసా నింపే ముందు బురుల్కాన్ దాన్ని అదే ఏటి నీళ్లతో మూడుసార్లు కడుగుతుంది. ఎవరైనా తొందరపెడితే నాలుగోసారి కూడా కడుగుతుంది.

యురేనియం గని మూతపడి యాభై ఏళ్లయింది. గనివాళ్లు వదిలిన బూడిదరంగు మట్టిగుట్ట మాత్రం ఏటి ఒడ్డునే ఉంది. గుట్టకు దిగువన ఏటినుంచి చీలిన కాలువ నలభై ఇళ్ల ముందునుంచి పోతుంది. టీ కాచుకునేది ఆ నీళ్లతోనే.

పదహారేళ్లుగా ఆమె ప్రతి నెలా పదో తేదీన నీళ్లు పట్టి, ప్రయోగశాలలో తానే పరీక్షిస్తోంది. వాన పడుతుంటే పట్టకూడదని నిబంధన. బురద ఫలితాన్ని పాడుచేస్తుందట. నీళ్లు తేటపడ్డాక పట్టాలి. పదహారేళ్లూ చిట్టాలో ఒకే మాట: సురక్షితం. రాసింది తన చెయ్యే.

ఈ ఏప్రిల్‌లో వాన మొదలైన పావుగంటకు గుట్ట చారలు చారలుగా జారి ఏట్లో కలవడం ఆమె చూసింది. తడుస్తూనే దిగి సీసా నింపింది. యురేనియం, హద్దుకు తొమ్మిది రెట్లు. మర్నాటి తేట నీటిలో మామూలే.

ప్రయోగశాల అధికారి ముకాష్ ఆమెకన్నా చిన్నవాడు. అందరిలాగే ఎజె అంటాడు, అక్కా అని.

"ఇదేం పని ఎజె? వాన నీళ్లు ప్రణాళికలో లేవు."

"వాన కూడా ప్రణాళికలో లేదు ముకాష్. అయినా వచ్చింది."

"బురదలో ఏదైనా ఎక్కువే చూపిస్తుంది. దీనికి ముద్ర వెయ్యలేను."

"వాళ్లు ఆ బురదే వడగట్టుకుని తాగుతున్నారు. తేటపడేదాకా దాహం ఆపుకోమంటావా?"

"మీ రిటైర్మెంటుకి ఇంకెన్నాళ్లుంది?"

"ఏడు నెలలు. భయపడ్డానికి చాలవు."

కాగితం పట్టుకుని సాతిబాల్డి దగ్గరికి పోయింది. కాలువ తూము తెరవడం, మూయడం అతని పని.

"ముద్ర లేకుండా మూస్తే నలభై ఇళ్లవాళ్లూ నా గడ్డం పీకుతారు. ఆప్రికాట్లు పూతమీదున్నాయి."

"వానలో చెట్లకి నీ కాలువెందుకు? పైనుంచి పడేవి చాలవా?"

సాతిబాల్డి టోపీ తీసి తల గోక్కున్నాడు. "నిజమే. కానీ నేను చెయ్యి వెయ్యను. తూముకి తాళం లేదన్న సంగతీ నేను చెప్పలేదు."

ఆ సాయంత్రం ఆమె చిట్టా తెరిచింది. ఆ అంకెకు అందులో గడి లేదు. అంచున సిరాతో రాసి సంతకం పెట్టింది.

తెల్లవారేసరికి కొండమీద మబ్బు దిగింది. తొలి చినుకులకే బురుల్కాన్ తూము పలక దించి, పక్కనున్న రాతి దిమ్మెమీద కూర్చుంది. కాలువ సన్నబడి ఆగింది. ముకాష్ కారు ఏటి వంతెన మీద నిలిచింది. ఆమె లేవలేదు. బకెట్లతో ఆడవాళ్లు కేకలేస్తూ వచ్చారు. ఒక్కొక్కరికీ ఆ అంకె చెప్పింది, కారుదాకా వినపడేలా.