పౌలు మాస్టారి లావు తీగలు

పౌలు మాస్టారి లెక్కలో లోకంలో ఏ కష్టానికైనా కారణం ఒక్కటే: గిటారు తీగ లావు కుదరకపోవడం. పాట తేలిపోయిందా, తీగ మరీ సన్నం. వేళ్ళు బొబ్బలెక్కాయా, తీగ మరీ లావు. రేపల్లె ప్యాసింజరు ఆలస్యమైతే కూడా ఆయన ప్లాట్‌ఫారం మీద నిలబడి టెలిగ్రాఫు తీగల వైపు అనుమానంగా చూసేవారు.

ఈ మహానుభావుడితో ఏళ్ళ తరబడి వేగినవాడు హనుమంతరావు. తెనాలిలో ఆర్కెస్ట్రా నడిపేవాడు, హార్మోనియం వాయించేవాడు, పెళ్ళిళ్ళ రోజుల్లో తిండి మానేసి తిట్లు తినేవాడు. పౌలు మాస్టారు బాపట్లలో ఒక హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. డెబ్బయ్యో దశకం మొదట్లో ఆ చుట్టుపక్కల కరెంటు గిటారు ఉన్నది ఆయన ఒక్కరి దగ్గరే. ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్న ఒక రైల్వే గార్డు దగ్గర కొన్నారు దాన్ని. ఎర్రగా, నున్నగా, వంకాయ తొడిమలాంటి కొమ్ములతో ఉండేది. పెళ్ళివారు హార్మోనియం ఎవరు వాయిస్తారని ఎప్పుడూ అడిగేవారు కాదు. "కరెంటు గిటారు వస్తుందా అండి?" అనే అడిగేవారు. అందుకని హనుమంతరావు ఆయన్ని వదులుకోలేడు, భరించనూ లేడు.

మొదట్లో మాస్టారిది సన్న తీగల పక్షం. "మనిషి గొంతు గమకం పలికినట్టు గిటారూ పలకాలండి గురువుగారూ. తీగని వేలితో పక్కకి లాగితే లొంగాలి. ఈ కొట్లో తీగలు లొంగవు, మొండిఘటాలు" అనేవారు.

కొట్లో దొరికేదేమో ఒకటే రకం. ఒకరోజు మాండొలిన్ వాయించే నరసింహారావు లబోదిబోమంటూ వచ్చాడు. "బావా, నా మాండొలిన్‌కి ఒక తీగ లేదు!"

హనుమంతరావు గిటారు వైపు చూశాడు. మాండొలిన్ తీగ గిటారులో మొదటి తీగ స్థానంలో కూర్చుని ఉంది. అసలు మొదటి తీగ రెండో చోటికి జరిగింది, రెండోది మూడో చోటికి. అలా బస్సులో సీటు సర్దుకున్నట్టు అన్నీ తలొక చోటు జరిగి, అన్నిటికంటే లావైన ఆరో తీగకి చోటులేక మాస్టారి జేబులో చేరింది.

"చూశారా, అన్నీ ఒక్కో అంచె సన్నబడ్డాయి!" అన్నారు మాస్టారు మెరిసే కళ్ళతో.

"నా తీగండి అది!" అన్నాడు నరసింహారావు.

"నీకు జంట తీగలు కదయ్యా. ఒకటి పోతే ఇంకోటి పలుకుతుంది. నాకు ఒక్కటే."

మాండొలిన్ తీగ చివర గిటారుకి తగిలించే పూస ఉండదు. దానికోసం మాస్టారు భార్య రూతమ్మ గారి దండలోంచి ఇత్తడి పూస ఒకటి ఊడదీశారు. ఆ దండ నెలనెలా పొట్టిదైపోతుంటే ఆవిడ హనుమంతరావుతో మొరపెట్టుకుంది. "పెళ్ళిచూపుల్లో అందరూ పాట వచ్చా, వంట వచ్చా అని అడుగుతారండి అన్నయ్యగారూ. ఈయన నా జడ పట్టుకుని చూసి, వెంట్రుక మంచి సన్నం అన్నారు. నేను పొంగిపోయాను."

సన్న తీగల రాజ్యం భట్టిప్రోలు పెళ్ళితో ముగిసింది. పొద్దుటి ముహూర్తం. పందిట్లో పురోహితుడు మంత్రాలు చదువుతున్నాడు. పెళ్ళికొడుకు మంగళసూత్రం చేతిలో పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఓ మూల మాస్టారు, తరవాతి కచేరీ కోసం, తీగ సవరించుకుంటున్నారు. మైకుసెట్టు హనీఫ్ గిటారుకి కరెంటు ఇచ్చి, శబ్దం తగ్గించడం మరిచిపోయాడు.

సన్న తీగ ఠంగుమని తెగింది. ఆ మోత పందిరంతా దద్దరిల్లింది. సన్నాయివాళ్ళు ఉలిక్కిపడి, గట్టిమేళం అన్నారేమో అనుకుని డోలు బాదేశారు. డోలు వినగానే పెళ్ళికొడుకు మూడు ముళ్ళూ వేసేశాడు. జనం అక్షింతలు వేసేశారు.

"ఎవరయ్యా గట్టిమేళం అన్నది? ఇంకా ముహూర్తం కాలేదు!" అని పురోహితుడు లేచి నిలబడ్డాడు.

పెళ్ళికూతురి మేనమామ ఆర్కెస్ట్రా వైపు వస్తుంటే హనుమంతరావు హార్మోనియం వెనక నక్కాడు. మాస్టారు మాత్రం తెగిన తీగని అరచేతిలో పెట్టుకుని, పిచ్చుకపిల్ల చచ్చిపోయినట్టు చూస్తూ, "సన్న తీగండి పాపం. లావుదైతే ముహూర్తం దాకా ఆగేది" అన్నారు.

ఆ జంట తరవాత చక్కగా కాపురం చేసుకుంది. కానీ మాస్టారు మతం మార్చారు, లావు తీగల్లో కలిశారు. ఎక్కడెక్కడివో తెప్పించి బిగించారు. ఆ బిగువుకి గిటారు మెడ విల్లులా వంగింది. తీగలు ఎత్తుగా లేచి నిలబడ్డాయి. వాటిని నొక్కీ నొక్కీ ఆయన వేళ్ళ చివర్లు ఎంత కాయలు కాచాయంటే, పెనం మీది అట్టుని చేత్తోనే తిరగేసేవారు.

స్కూల్లో సైన్సు మేష్టారి స్క్రూగేజీ కూడా అప్పుడే ఆయన సంచిలోకి వచ్చింది. తీగల లావు కొలవడానికని తెచ్చారు గానీ, చేతిలో ఉన్నాక ఊరుకోబుద్ధి కాదు కదా. పొన్నూరు పెళ్ళిలో పాయసం వడ్డిస్తే సేమియా బయటికి తీసి కొలిచి "ఇది మూడో తీగ" అన్నారు. కారప్పూస రెండో తీగ. ఆ ఊరి మునసబు గారి మీసం మీద ఆయన చూపు పడ్డప్పుడు హనుమంతరావు ఆ స్క్రూగేజీ లాక్కుని హార్మోనియంలో దాచేశాడు.

ఇంతలో ఆర్కెస్ట్రాకి కొత్త బెడద వచ్చింది. హనుమంతరావుకి ఒక నియమం ఉండేది: రికార్డులో పాట ఏ శ్రుతిలో ఉంటే తామూ ఆ శ్రుతిలోనే పాడాలి. అరమెట్టు కూడా దిగేది లేదు. అది అతని పరువు, అతని బోర్డు, అతని మీసం. ఒక వేసవిలో పౌలు మాస్టారు ఆ మీసానికే ఎసరు పెట్టారు.

"గురువుగారూ, ఈ తీగలు చాలా లావండి. ఇంత శ్రుతికి లాగితే మెడ విరుగుతుంది. ఒక మెట్టు దిగండి."

"ఎవరి మెడ?"

"గిటారుదండి."

"మరి తీగలు మార్చు!"

"లావు తీగల నాదం వేరండి. ఆ గుమ్మనడం ఉంటేనే పందిరి నిండుతుంది. ఒక్క మెట్టేగా, ఎవరికి తెలుస్తుంది?"

హనుమంతరావుకి తెలుస్తుంది. ప్రతి పాటకీ ఒక మెట్టు కింద చెయ్యి పెడుతుంటే తన ఇంట్లో తనే దొంగలా నడుస్తున్నట్టు ఉండేది. గాయని సామ్రాజ్యంతో చెప్పుకుని వాపోయాడు. "ఎంత పైకైనా అవలీలగా పాడేదానివి. ఈ మనిషి తీగల కోసం నిన్ను కూడా దింపేశాను తల్లీ."

సామ్రాజ్యం ఆ మధ్యే టైఫాయిడ్ పడి లేచింది. మిరియాల కషాయం తాగుతూ, "పోన్లెండి బాబాయిగారూ" అని మాత్రం అంది.

అలాంటి రోజుల్లో రేపల్లెలో రైసుమిల్లు ప్రకాశరావు గారి అమ్మాయి పెళ్ళి విందు కుదిరింది. ప్రకాశరావు గారికి పాటలంటే ప్రాణం. ఇంట్లో బీరువా నిండా రికార్డులు, వాటి పక్కన హార్మోనియం. ఆయన ముందే చెప్పారు. "మీ వాళ్ళు ఈ మధ్య శ్రుతి దింపి పాడుతున్నారని విన్నానండి. మా పందిట్లో అలా కుదరదు. రికార్డు శ్రుతిలో పాడలేకపోతే చెప్పండి, బాపట్లలో ఎవరో కొత్త పిల్ల బ్రహ్మాండంగా పాడుతోందంట. ఆ అమ్మాయిని మీ జట్టులో పెట్టుకోండి."

"అయ్యో, మా సామ్రాజ్యానికి ఏంటండి! గిటారు లావు తీగలతోనే తంటా. చూసుకుంటాను" అన్నాడు హనుమంతరావు.

చూసుకున్నాడు కూడా. మద్రాసు వెళ్ళే మనిషిని బతిమాలి కొత్త సన్న తీగల జత తెప్పించాడు. విందు రోజు మధ్యాహ్నం మాస్టారు భోజనానికి వెళ్ళగానే, హనీఫ్‌ని కాపలా పెట్టి, పందిరి వెనక గిటారు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. లావు తీగలు విప్పాడు. సన్నవి ఎక్కించాడు. ఒక తీగ తిరగేసి చుట్టాడు, ఒకటి బొటనవేలికి గుచ్చుకుంది, ఇంకోటి లేచి జంధ్యానికి చుట్టుకుంది.

"త్వరగా కానివ్వండి, పెరుగు దాకా వచ్చారు!" అన్నాడు హనీఫ్.

మాస్టారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, గిటారు చూసి, అక్కడే ఆగిపోయారు.

"ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే" అన్నాడు హనుమంతరావు గుండె దిటవు చేసుకుని. "ఇప్పుడు సన్న తీగలున్నాయి. మెడ విరగదు. రికార్డు శ్రుతికి పెంచు."

మాస్టారు తీగ మీటారు. అది జుర్రుమంది. గిటారు అడుగు భాగంలో ఉన్న చిన్న మరలు సవరించి, మెడకి తగలకుండా తీగలు కాస్త ఎత్తారు, జుర్రు పోయింది. తరవాత నెమ్మదిగా అన్నారు. "సన్న తీగలకి పైశ్రుతి అసలు పనికిరాదండి. తెగుతాయి."

"లావు తీగలకి మెడ వంగుతుందన్నావుగా!"

"అదీ నిజమేనండి."

"లావుదానికీ దిగాలి, సన్నదానికీ దిగాలి! మరి ఎక్కేదేదయ్యా?"

"మధ్యరకం ఉందండి. స్టాకు లేదంట."

హనుమంతరావు గిటారు లాక్కుని, తీగలు బిగించే మరలు తనే తిప్పాడు. ఒక్కో తీగా రికార్డు శ్రుతికి చక్కగా ఎక్కింది. ఏదీ తెగలేదు. మీటితే గంటలా పలికింది. "చూశావా! అమ్మా సామ్రాజ్యం, ఇలా రా. ఆ పై చరణం ఒక్కసారి అను."

సామ్రాజ్యం లేచింది. కషాయం గ్లాసు కింద పెట్టి, పైట సర్దుకుని, గొంతు సవరించుకుంది. మళ్ళీ సవరించుకుంది. ఆమె నోరు తెరిచేలోపు ఠంగుమని మోత.

మొదటి తీగ తెగింది. దానంతటది తెగలేదు. మాస్టారు గిటారు వెనక్కి తీసుకుని, మిగతా అందరూ సామ్రాజ్యాన్ని చూస్తుండగా, మరని తిప్పి తిప్పి తిప్పి తెంపేశారు. హనుమంతరావు కళ్ళారా చూశాడు. తీగ తెగితే అన్నం సయించని మనిషి, మద్రాసు నుంచి వచ్చిన కొత్త తీగని తన చేత్తో తెంపారు. తెంపి, ఆకాశం వైపు చూస్తున్నారు.

హనుమంతరావు తిట్టడానికి నోరు తెరిచి, సామ్రాజ్యాన్ని చూసి ఆగిపోయాడు. ఆమె తల వంచుకుని, చెయ్యి గొంతు మీద పెట్టుకుని ఉంది. అప్పుడు వెలిగింది అతనికి. ఆమె టైఫాయిడ్ నుంచి లేచి వచ్చిన మొదటి కచేరీలోనే కదా, గిటారు మెడకి హఠాత్తుగా ప్రమాదం వచ్చిపడింది! వేసవంతా ఆమె గొంతుకి వచ్చిన కష్టాన్ని ఈ మనిషి తన తీగల మీద వేసుకుని, తిట్లన్నీ తనే తింటున్నాడు. పెద్ద శ్రుతిజ్ఞానిని అని మీసం తిప్పిన తనకేమో వినపడనే లేదు.

సరిగ్గా అప్పుడే ప్రకాశరావు గారు పట్టుపంచె ఎగగట్టుకుని వచ్చారు. "ఏంటండి హనుమంతరావు గారూ, ఆ మోతేంటి? శ్రుతి సరిచేశారా?"

హనుమంతరావు చేతులు జోడించాడు. "చేద్దామనే చూశామండి. తీగలు ఒప్పుకోవడం లేదు. ఒక మెట్టు దిగాల్సిందేనండి."

"లావు తీగలా?"

"సన్నవండి."

"సన్నవైతే దిగడం దేనికండి?"

"సన్నవి కాబట్టేనండి" అన్నాడు హనుమంతరావు నిబ్బరంగా. "మెడ, బిగువు, గమకం... అదంతా పెద్ద శాస్త్రమండి. ఏం మాస్టారూ?"

మాస్టారు నోరు వెళ్ళబెట్టి, తేరుకుని, "పెద్ద శాస్త్రమండి" అన్నారు.

ప్రకాశరావు గారు ముఖం గంటు పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. కచేరీ మొదలైంది. తెగిన తీగ స్థానంలో నరసింహారావు తన మాండొలిన్ తీగ తనే విప్పి ఇచ్చాడు. సామ్రాజ్యం ఒక మెట్టు కింద, తేనె కారినట్టు పాడింది. పై చరణం వచ్చేసరికి ఒక వింత జరిగింది. ప్రకాశరావు గారు గొంతు కలిపారు. ఇన్నాళ్ళూ ఇంట్లో రికార్డుతో పాటు పాడబోయి, అక్కడికొచ్చేసరికి దగ్గు వచ్చి ఆగిపోయే మనిషి, ఆ సాయంత్రం చరణం చివరిదాకా పాడి, వియ్యంకుడి తొడ మీద చరిచారు.

పాట అయ్యాక వేదిక దగ్గరికి వచ్చి, "అసలు రికార్డులోనే తప్పు శ్రుతి పెట్టారండి! ఇదీ సరైన శ్రుతి. అదే మళ్ళీ పాడించండి" అన్నారు.

విందులో ఆర్కెస్ట్రా వాళ్ళందరికీ ఒకే బంతి వేశారు. పులిహోర మీద ఉండగా సామ్రాజ్యం, "పౌలు అన్నయ్యా, నాకు అన్నీ తెలుసు" అంది.

మాస్టారు పులిహోరలో వేరుశెనగ గింజలు వెతుకుతూ, "ఏంటమ్మా తెలుసేది? తీగలకి..." అన్నారు.

"తీగల్ని ఇంకెన్నాళ్ళు ఆడిపోసుకుంటారు? ఇక నేనే అడుగుతాను. బాబాయిగారూ, ఇంకో అరమెట్టు దింపితే ఇంకా హాయిగా పాడతాను. దింపుతారా?"

హనుమంతరావు తల ఊపాడు. "నీకెక్కడ హాయిగా ఉంటే అక్కడే తల్లీ."

మాస్టారి చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఇంకో అరమెట్టా? అమ్మో! అంత కిందికి దింపితే ఈ సన్నవి వదులై చాకలి దండెంలా వేలాడతాయండి. దీనికి లావు తీగలు ఉండాల్సిందే!"

హనుమంతరావు ఆయన కళ్ళలోకి చూశాడు. "నిజంగానా?"

"ఈసారి నిజంగానండి! ఒట్టు!" అని ఆయన ఎంగిలి చేత్తోనే గిటారు కోసం లేవబోయారు.

సామ్రాజ్యం ఆయన లాల్చీ పట్టి లాగి కూర్చోబెట్టింది. వడ్డించేవాడిని కేకేసి, "ముందు ఈయనకి రెండు బూరెలు వెయ్యండి బాబూ" అంది.