కర్త లేని ‘సర్దుకుంటుంది’

సర్దుకుపోయేవాడే సుఖపడతాడని లోకం అంటుంది. ఆ మాట మొదట ఎవరన్నారో తెలియదు గానీ, అన్నవాడు ఎవరికో ఏదో అమ్మినవాడై ఉంటాడని మా బాబాయి అభిప్రాయం. ఆయనలోని విశేషం ఒక్కటే: ఆయన సర్దుకోరు. వృత్తి కళ్ళజోళ్ళ దుకాణం. పొద్దున్నించి సాయంత్రం దాకా జనం ముక్కుల మీదా చెవుల వెనకా ఫ్రేములు సర్దుతూనే ఉంటారు. సర్దడం ఆయన బతుకుతెరువు, సర్దుకోకపోవడం ఆయన బతుకు.

ఇది మొండితనమని బంధువుల తీర్పు. తత్త్వశాస్త్రంలో దీనికి గౌరవప్రదమైన పేర్లు కొన్ని లేకపోలేదు. కానీ ఆయనతో కలిసి బస్సెక్కినవాడెవడూ ఆ పేర్లు వాడడు. ముగ్గురు కూర్చునే సీటు దగ్గరికి నాలుగో మనిషి వచ్చి, “కొంచెం సర్దుకోండి సార్” అన్నాడో, అయిపోయిందే.

“సర్దుకోను. లేస్తాను. నువ్వు కూర్చో.”

“అయ్యో, లేవక్కర్లేదండీ. కాస్త జరిగితే చాలు.”

“ముగ్గురి సీటులో నలుగురు ఇరుక్కుంటే నలుగురికీ సీటు లేనట్టే. ఒకడు నిలబడితే ముగ్గురికి ఉన్నట్టు. కూర్చోవయ్యా!”

దిగేదాకా అలా నిలబడి, కూర్చున్నవాణ్ణి ఉరిమి చూస్తూ ప్రయాణించేవారు. పాపం, ఆ మనిషికి మెత్తటి సీటు కాస్తా ముళ్ళ కంపలా ఉండేది. ఉపకారం చేసి కూడా మనిషిని ఇంతగా హింసించవచ్చునని నేను తెలుసుకున్నది ఆ బస్సుల్లోనే.

ఇటువంటి మనిషి అప్పు చేసి కొత్త కారు కొన్నారు. తనకు కాదు, స్టీరింగు ముట్టుకోవడమంటే ఆయనకు భయం. కారు పిన్ని కోసం. మంచం దిగలేని ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, చూపు పరీక్షించి, అద్దాలు తయారయ్యాక తీసుకెళ్ళి తొడిగి రావడం పిన్ని పని. సంచీతో బస్సులు మారి మారి మోకాళ్ళు అరిగాయని, యాభై దాటాక పట్టుబట్టి డ్రైవింగు నేర్చుకుంది. లైసెన్సు చేతికొచ్చిన రోజున దాన్ని అందరికీ చూపించింది, ఫొటో బాగా లేదని చెబుతూనే.

షోరూములో రిబ్బను కట్టారు, కేకు కోయించారు, అట్టతో చేసిన పెద్ద తాళంచెవి చేతికిచ్చి ఫొటో తీశారు. ఆ అట్ట తాళంచెవే అసలైనదానికంటే నమ్మకమైనదని తర్వాత తేలింది. కారును ఎడమకు తిప్పితే చాలు, హారన్ దానంతటదే మోగేది. కుడికి తిప్పితే మౌనం. పిన్ని మలుపు తిరిగినప్పుడల్లా వీధిలోవాళ్ళు తమనే పిలిచిందనుకొని చెయ్యి ఊపేవారు. ఎదురింటి పెద్దాయన మాత్రం, “కారుందని ఊరంతా చాటాలా అమ్మా?” అని కిటికీ వేసుకొనేవాడు. కొన్నాళ్ళు పిన్ని కుడి మలుపులతోనే నెట్టుకొచ్చింది. పక్క సందులోకి వెళ్ళడానికి పేటంతా ప్రదక్షిణం చేసేది.

బాబాయి షోరూముకు వెళ్ళారు. మేనేజరు ముఖాన ఇస్త్రీ చేసినట్టు ఒకటే నవ్వు.

“కొత్త కారు కదా సార్. సర్దుకుంటుంది.”

“ఏమిటీ?”

“వాడుతూ ఉంటే అదే సర్దుకుంటుంది సార్.”

ఆ మాట బాబాయి ముఖాన పడ్డప్పుడు నేను పక్కనే ఉన్నాను. బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. కారు సర్దుకోలేదు. సర్దుకోకపోగా, నడుస్తూ నడుస్తూ ఆగిపోవడం కూడా నేర్చుకుంది. ఒక రోజు వంతెన మధ్యలో ప్రాణం విడిచింది. వెనక నుంచి వస్తున్న లారీ కీచుమంటూ వచ్చి, జానెడు దూరంలో నిలబడింది. డ్రైవరు దిగి నోటికొచ్చినట్టు తిట్టాడు. పిన్ని స్టీరింగు వదల్లేదు. వేళ్ళు విడదీయడానికి బాబాయి వెళ్ళవలసి వచ్చింది.

ఈసారి మేనేజరు కారును తిప్పి చూసి, నవ్వు చెరగకుండా అన్నాడు: “కారులో ఏమీ లేదు సార్. మేడంగారికి చెయ్యి కొత్త కదా. ఈ వయసులో నేర్చుకున్నారు. నిదానంగా సర్దుకుంటుంది.”

పిన్ని ఇంటికొచ్చి తాళంచెవి బీరువాలో చీరల అడుగున పెట్టింది. మర్నాడు సంచీ భుజాన వేసుకొని బస్సుస్టాపుకు నడిచింది. “నాకే చేతకాలేదేమోరా. ఈ వయసులో ఎందుకొచ్చిన సరదా!” అంది నాతో, నవ్వుతూనే.

బాబాయి అప్పిచ్చిన కంపెనీకి వెళ్ళారు. అక్కడ కుర్చీలో ఉన్న మనిషి చాలా మర్యాదస్థుడు.

“కారు నడవడం లేదు బాబూ.”

“సార్, మేం అప్పిచ్చింది కొనడానికి. నడవడానికి కాదు.”

“నడవని కారుకు వాయిదాలెందుకు కట్టాలి?”

“కారు నడక షోరూముది సార్. వాయిదాల నడక మాది.”

ఒప్పుకోవాలి, వాయిదాలకు మాత్రం ఏ లోపమూ లేదు. కుడికీ ఎడమకీ చూడకుండా పరుగెత్తుకొచ్చేవి. కారేమో ఇంటిముందు ముసుగేసుకొని పడుకుంది. దాని కోసం దుకాణం ఒంటికాలి మీద నిలబడింది. షోరూమును అడిగితే తయారీ తమది కాదన్నారు, తయారుచేసినవాళ్ళను అడిగితే అమ్మకం తమది కాదన్నారు. బాధ్యత అన్న పదానికి ఇన్ని నిర్వచనాలు నేను చదివిన గ్రంథాల్లోనూ లేవు. మనిషిని మోసగించడం ఒక పాపం. మోసపోయినవాడికే చేతకాదని నచ్చజెప్పడం అంతకంటే నీచం. దానికి శిక్షాస్మృతిలో పేరు లేకపోవడం నాగరికతకు సిగ్గుచేటు.

“బాబాయ్, వదిలెయ్. కారు అమ్మేసి అప్పు తీర్చుకో” అని నేనన్నాను.

“ఎవడికి అమ్మమంటావురా? ఎడమ చెయ్యి లేనివాడికా?”

వినియోగదారుల కోర్టులో కేసు వేశారు. మొదటి ప్లీడరు అంతా విని, “షోరూమువాళ్ళతో ఏదైనా సర్దుబాటు…” అని నోరు తెరిచాడు. బాబాయి కాగితాలు ఎత్తుకొచ్చేశారు. రెండో ప్లీడరు జాగ్రత్తపరుడు, రాజీ అన్నాడు. “రాజీ అంటే నల్లకోటు వేసుకున్న సర్దుబాటు” అని అక్కణ్ణించీ లేచొచ్చారు. మూడో ప్లీడరు తన కళ్ళజోడు వదులైందని దుకాణానికే వచ్చి, “కాస్త సర్దండి” అన్నాడు గానీ, సర్దుకోమనలేదు కాబట్టి బతికిపోయాడు. ఏమైతేనేం, ఆ కోర్టులో ప్లీడరు లేకుండానే వాదించుకోవచ్చని చెప్పి పుణ్యం కట్టుకున్నది అతనే.

వాయిదాలు తరచూ పడేవి. కోర్టువారు వేసే వాయిదా, కంపెనీకి కట్టే వాయిదా, రెంటికీ ఒకే మాట ఉండడం మన భాష చేసిన వేళాకోళం. ఒకటి ఎప్పుడూ ముందుకు జరుగుతుంది, రెండోది చచ్చినా జరగదు.

ఎట్టకేలకు అసలు విచారణ వచ్చింది. ఆ ఉదయం కోర్టు వరండాలో షోరూము ప్లీడరు మా దగ్గరికొచ్చాడు. కారు వెనక్కి తీసుకుంటారట, ధరంతా ఇస్తారట, అప్పు ముగించేయిస్తారట, పైన మరికొంత ముట్టజెబుతారట. కేసు ఉపసంహరించుకుంటే చాలునట. నాకు ప్రాణం లేచొచ్చింది.

“బాబాయ్, ఒప్పుకో. ఇంతకంటే ఏం కావాలి?”

“ఆ వాక్యం మాటేమిటి?”

“ఏ వాక్యం?”

“వాళ్ళు కోర్టుకిచ్చిన జవాబులో రాశారే, నడిపిన స్త్రీకి చేతకాకపోవడమే కారణమని. నేను కేసు వెనక్కి తీసుకుంటే దాన్ని కొట్టేసేదెవరు?”

“ఎవరు చదువుతారు బాబాయ్ దాన్ని?”

“మీ పిన్ని చదివింది” అన్నారు, వరండా చివరికి చూస్తూ. “సంచీ మోస్తూ రోజూ చదువుకుంటోంది.”

ఇన్నాళ్ళూ నేను ఆయన ఒక క్రియాపదం మీద పగబట్టారనే అనుకున్నాను. తత్త్వం చదివినవాడికి మనుషుల కంటే మాటలు ముందు కనిపించడం వృత్తిరోగం. ఓడిపోతే ముసుగేసిన ఆ కారుకు ఏళ్ళ తరబడి వాయిదాలు కట్టాలని ఆయనకూ తెలుసు. ప్లీడరుకు కుదరదని చెప్పి, జేబులోంచి ఫోను తీశారు.

“ఇదిగో, నా కళ్ళజోడు మర్చిపోయానే. కోర్టుకు పట్రా.”

కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంది. ఫోను పెట్టేశాక తీసి జేబులో దాచుకున్నారు. పిన్ని మరో కళ్ళజోడు పట్టుకొని ఆదరాబాదరాగా వచ్చేసరికి కేసు పిలిచారు. ఇక వెనుదిరగడానికి వీల్లేక వెనక బెంచీ మీద నా పక్కనే కూర్చుంది. మేనేజరు బోనెక్కాడు, నవ్వుతో సహా.

“ఎడమకు తిప్పితే హారన్ మోగుతోందని చెప్పినప్పుడు మీరేమన్నారు?” అని బాబాయి మొదలుపెట్టారు.

“సర్దుకుంటుంది అన్నానండి.”

“ఏది?”

“ఏది అంటే…?”

“వాక్యానికి కర్త ఉండాలి కదయ్యా! ఏది సర్దుకుంటుంది? హారనా? స్టీరింగా? మా ఆవిడా?”

షోరూము ప్లీడరు లేచాడు. “అభ్యంతరం! ఇది కోర్టు, వ్యాకరణం క్లాసు కాదు.”

అధ్యక్షస్థానంలో ఉన్నావిడ జారుతున్న కళ్ళజోడు పైకి తోసుకున్నారు. “కాదు, నిజమే. కానీ నాకూ తెలుసుకోవాలనుంది. ఏది సర్దుకుంటుంది?”

మేనేజరు ప్లీడరు వంక చూశాడు. ప్లీడరు కారనమని సైగ చేశాడో, వద్దని సైగ చేశాడో తెలియలేదు. “కారేనండి. కొత్త బండిలో చిన్నచిన్నవి ఉంటాయి. అవి సర్దుకుంటాయి.”

“చిన్నచిన్నవి అంటే ఏమిటవి?” అన్నారు బాబాయి, ముసలి కళ్ళకు అక్షరాల పట్టీ చూపించేటంత మృదువుగా.

“అదేనండీ… లోపాలు.”

షోరూము ప్లీడరు కళ్ళు మూసుకున్నాడు. మేనేజరు నవ్వు మాత్రం ఇంకా అక్కడే ఉంది, యజమాని వెళ్ళిపోయిన ఇంట్లో వెలుగుతున్న దీపంలా.

“అంటే కొన్న రోజే లోపం ఉందన్నమాట” అన్నారు అధ్యక్షురాలు. “ధర తిరిగి ఇవ్వాలి, అప్పు ముగించాలి. అందులో సందేహం లేదు. ఇక మీరు కోరిన పరిహారం సంగతి.”

“పరిహారం అడిగితే పై కోర్టుకు వెళతాం” అన్నాడు ప్లీడరు కళ్ళు తెరిచి.

“పరిహారం వదిలేస్తాను” అన్నారు బాబాయి. “ఆ చేతకానితనం వాక్యం వెనక్కి తీసుకోమనండి. ఊరికే కొట్టేస్తే కుదరదు. అదుగో, ఆవిడ వెనక బెంచీలో ఉంది. అటు తిరిగి చెప్పమనండి.”

ప్లీడరు మేనేజరుతో గుసగుసలాడాడు. చౌకగా తేలిందనే అనుకొని ఉంటారు. మేనేజరు వెనక్కి తిరిగాడు.

“మేడం, తప్పు కారుదేనండి. మీ డ్రైవింగులో ఏ తప్పూ లేదు.”

పిన్ని లేచి నిలబడింది, చేతిలో కళ్ళజోడుతో. కాసేపు ఆలోచించింది.

“ఎడమకు కూడానా బాబూ?”

“ఎడమకు కూడానండి.”

మనుషులను మెచ్చుకోవడం నాకు ఆలస్యంగా వచ్చే పని. బాబాయిని నేను ఇప్పటికీ పూర్తిగా మెచ్చుకోలేదు. ఆయనతో బస్సెక్కే ధైర్యమూ లేదు. ఆయన ఎంచుకున్నది మాత్రం ఇదీ: వరండాలో ఇస్తామన్న పై సొమ్ము కాదన్నారు, కోర్టు ఇవ్వగల పరిహారమూ వదులుకున్నారు, ఒక్క వాక్యం వెనక్కి తీయించారు. అప్పు ముగిశాక మిగిలినదానితో ఎవరో వాడిన చిన్న కారు కొన్నారు. దాన్ని పిన్ని నడుపుతుంది. మంచం దిగలేనివాళ్ళ కళ్ళజోళ్ళు దాంట్లోనే వెళుతున్నాయి. దుకాణానికి సెలవైన రోజుల్లో బాబాయి పక్క సీట్లో కూర్చొని ఆవిడతో వెళతారు. డ్రైవింగు నేర్చుకొనే ఉద్దేశం ఆయనకు లేదు.