అక్కకు వచ్చిన చుక్కల చూపు

మా అక్క కుర్చీలు అల్లుతుంది. బావ వడ్రంగి. ఆయన చెక్క చట్రం చేసిస్తే, అక్క దానికి ప్లాస్టిక్ వైరుతో సీటు అల్లి, అరచేత్తో ఓసారి నిమిరి చూసి, ఎక్కడైనా వదులుగా ఉంటే మొహమాటం లేకుండా విప్పేస్తుంది. చదువుకునే రోజుల్లోనే ఆమెకు రెండు పక్కలనుంచీ చీకటి కమ్ముకుంటూ వచ్చి, పెళ్ళినాటికి చూపన్నదే మిగల్లేదు. అందుకే నా చిన్నప్పటి మొహం ఆమెకు గుర్తుంది కానీ, కట్టుకున్నవాడి మొహం చేతులకు తప్ప తెలియదు.

అలాంటి మనిషికి, కంట్లో చిప్పు పెట్టి, కళ్ళజోడుకు కెమెరా తగిలించి చూపు తెప్పించే ప్రయత్నం జరుగుతోందని రేడియోలో వినబడితే ఊరుకుంటుందా? నన్ను వెంటేసుకుని ఆసుపత్రి చుట్టూ తిరిగింది. చిప్పు ఎంత ఉంటుంది, కంట్లో తడికి పాడవదా, నిద్రలో కూడా కనిపిస్తుందా అంటూ డాక్టరును ఊపిరి తీసుకోనివ్వలేదు. బావ మాత్రం ఒక్కసారీ లోపలికి రాలేదు. ఆపరేషన్ రోజున కూడా గేటు బయటే తచ్చాడుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి నిలదీశాను.

"మీ అక్కకి నా మొహం సంగతి తెలీదు" అన్నాడు.

బావ మొహంలో ఎడమ సగమంతా బొల్లి. మనిషి నలుపు కావడంతో ఆ తెలుపు వీధి చివరినుంచే తెలుస్తుంది. దానికి ఎత్తూ పల్లం ఉండవు కాబట్టి అక్క చేతికి దొరకలేదు. మేమంతా ఆమెకు తెలిసే ఉంటుందిలే అనుకున్నాం. మొగుడి మొహం గురించి పెళ్ళాం దగ్గర ఎవరు మాత్రం మాటెత్తుతారు?

"ఇన్నేళ్ళూ ఏం చేశావు బావా?"

"రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు చూసేస్తుందేమో."

"చూసేలోపు నువ్వే చెప్పు. నన్ను మధ్యలోకి లాగకు" అని వచ్చేశాను.

తీరా వచ్చిన చూపు మనం అనుకునే చూపు కాదు. రంగులు లేవు. చీకట్లో వెలుగు చుక్కలు, అంతే. తెల్లగోడ అంటే చుక్కల గుంపు, తలుపు అంటే ఆ గుంపు మధ్య ఖాళీ. కెమెరా కళ్ళజోడుకు ఉంటుంది కాబట్టి కళ్ళు తిప్పితే లాభం లేదు, తల తిప్పాలి. మొదటి సాయంత్రం అక్క కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుని, "ఒసేయ్, మూసుకున్నా కనిపిస్తోందే!" అని చిన్నపిల్లలా కేకలు పెట్టింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కిటికీ, తెల్ల చొక్కా, స్టీలు గ్లాసు అంచు ఒక్కొక్కటే పట్టేసుకుంది. మనుషుల మొహాలు మాత్రం అన్నీ ఒకటే పిండిముద్దలట. నాదీ అంతే.

బావ సంగతి వేరు. ఇంట్లోకి వస్తూనే కుర్చీని కిటికీ దగ్గరికి లాక్కుని, వెలుతురుకు వీపు పెట్టి కూర్చునేవాడు. అలా కూర్చుంటే ఎవరైనా నల్లగానే కనిపిస్తారని అక్కకు ట్రైనింగ్ ఇచ్చే మేడమ్ ముందే చెప్పింది.

"ఏవండీ, ఇటు వెలుతురులోకి రండి, ఓసారి చూస్తాను."

"చూడ్డానికేముంది, ముసలి మొహం" అని లేచి పక్కనున్న పని షెడ్డులోకి పోయేవాడు.

అక్క వదిలే రకమా? ఆయన లేచినప్పుడూ వంగినప్పుడూ తల తిప్పి తిప్పి వెతికేది. ఎప్పుడైనా క్షణంపాటు దొరికితే, ఒక పక్కన తెల్లటి వెలుగు భగ్గుమంటోందని, ఆయన మొహం తిప్పుకోగానే పోతోందని నాతో చెప్పింది. నేను నోరు కుట్టేసుకున్నాను. అది నాకెంత కష్టమో మా ఇంట్లోవాళ్ళని అడగాలి.

ఒకరోజు మేడమ్ ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికే వచ్చింది. అక్క తెలుపు సంగతి చెప్పింది.

"ఒక్కోసారి కొన్ని చుక్కలు పాడై ఎక్కువగా వెలుగుతాయండీ. ఆ పక్కవి ఆపేస్తాను. కాకపోతే ఆ మేరకు చూపు తగ్గుతుంది" అంది మేడమ్.

అక్క మొహం వాడిపోయింది. ఉన్నవే గుప్పెడు చుక్కలు. అయినా, "సరే, ఆపేయండి. అబద్ధం చూపించేవి నాకెందుకు?" అంది.

షెడ్డులో బావ చిత్రిక పడుతున్న చప్పుడు ఆగిపోయింది. ఒంటిమీది చెక్కపొట్టు దులుపుకోకుండానే లోపలికొచ్చి, కిటికీకి ఎదురుగా, వెలుతురు మొహమ్మీద పడేలా నిలబడ్డాడు.

"ఆపకండమ్మా. మిషను బాగానే ఉంది. తెలుపు నా మొహంలోనే ఉంది" అన్నాడు.

మేడమ్ ఆయన్ని చూసి ల్యాప్‌టాప్ మీదనుంచి చేయి తీసేసింది. అక్క లేచి వెళ్ళి ఆయన రెండు బుగ్గల మీదా రెండు చేతులూ వేసింది. చేతులకు తేడా తెలియలేదు. తర్వాత తల మెల్లగా అటూ ఇటూ ఆడిస్తూ, తెలుపు అంచు వెంట నుదుటి నుంచి గడ్డం దాకా వేలు దింపుకుంటూ వచ్చింది. ఇంచుమించు సరిగ్గానే వచ్చింది.

"ఎప్పటినుంచి?"

"పెళ్ళికి ముందునుంచీ."

"చెప్తే వద్దంటాననుకున్నారా?"

బావ తలూపాడు. ఆ ఊపు కూడా అక్కకు కనిపించింది.

"కళ్ళు లేనిదాన్ని, నేనా వద్దనేది?" ఆమె వేలు వెనక్కి లాక్కుంది. "వీధిలో ప్రతివాడూ చూసిన మొహం నాకొక్కదానికే దాచారు."

ఆ తర్వాత ఆయనతో మాట మానేసింది. భోజనం పెట్టేది, కానీ వైరు చుట్ట కావాలన్నా నాచేతే అడిగించేది. నేను అక్క పక్షమే. నాకూ బావ మీద కోపంగానే ఉంది, ఆయన్ని చూస్తే జాలిగానూ ఉంది.

తర్వాతి చెకప్‌కి బావ మొదటిసారి ఆసుపత్రి లోపలికి వచ్చాడు. హాలు జనంతో కిటకిటలాడుతోంది. అక్క పక్కన కూర్చునే ధైర్యం లేక ఆయన ఎక్కడో అవతలి వరసలో కూర్చున్నాడు. నేను టోకెన్ తీసుకుని వచ్చేసరికి అక్క కుర్చీ ఖాళీ. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

చూస్తే, కర్ర తాటించుకుంటూ, వరసల మీదుగా తలను ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పుకుంటూ నడుస్తోంది. ఎవరూ పిలవలేదు. బావ ఈసారి మొహం తిప్పుకోలేదు. అంతమందినీ దాటుకుని, ఎవరినీ అడక్కుండా, తిన్నగా వెళ్ళి ఆయన ముందు ఆగింది. పక్క కుర్చీ తడుముకుని కూర్చుంది.

"కోపం పోలేదు" అంది. "కనిపించారు కదా అని వచ్చాను."