వియన్నా చూసొచ్చిన టీచరమ్మ

గత గురువారం నా భార్య పోయింది. పొద్దున టీ పెట్టింది. తాగుతూ ఛాతీలో పట్టేసినట్టుందన్నది. బోధన్ నుంచి నిజామాబాద్ ఆస్పత్రికి కారులో తీసుకెళ్లాను. దారిలో ఒక్కసారే మాట్లాడింది, గ్యాస్ బంద్ చేశారా అని. చేశానన్నాను. డాక్టర్ చూసేసరికే అయిపోయింది. చీకటి పడకముందే అన్నీ ముగించాం.

ఆమె ప్రభుత్వ బడిలో సాంఘికశాస్త్రం చెప్పేది. ఒక పెద్ద యుద్ధం తర్వాత యూరప్ రాజులంతా వియన్నాలో కూర్చుని సరిహద్దులు గీసుకున్న పాఠం పుస్తకంలో రెండు పేజీలు. ఆ రెండు పేజీలు ఆమెకు చాలలేదు. ఆస్ట్రియా నగరాల గురించి దొరికిందల్లా నోటుబుక్కుల్లో రాసుకుంది.

రిటైరయ్యాక ఆ పాఠాలు మా అరుగు మీదికి వచ్చాయి. వాడకట్టు ఆడవాళ్లు నలుగురైదుగురు పొద్దున్నే ఒళ్లో చాటలు పెట్టుకుని అక్కడ బీడీలు చుడతారు. చేతులకు, కళ్లకు తీరిక ఉండదు. చెవులు ఖాళీ. గ్రాజ్ కొండ మీది గడియారంలో పెద్ద ముల్లు గంటలు, చిన్న ముల్లు నిమిషాలు చూపుతుందని చెప్పేది. ఇన్స్‌బ్రుక్‌లో రాగి రేకులకు బంగారు పూత వేసిన కప్పు ఉందంటే, మాదీ రేకులిల్లే, పూతే తక్కువ అని ఒకామె అన్నది. వియన్నా మహారాణి పదహారు మందిని కన్నదంటే ఎదురింటి అవ్వ చుట్టడం ఆపింది.

"పదారు మందినా? మరి రాజ్జెం ఎప్పుడేలింది బిడ్డా?"

నేను లోపల పేపరు చదువుతూ వినేవాణ్ని. బోధన్ దాటనివాళ్లకు వియన్నా ఎందుకని ఒకసారి అన్నాను కూడా. ఆమె పాఠం ఆపలేదు. ఎక్కడికి వెళ్లినా నేను ఆమెను తొందరపెట్టేవాణ్ని. అప్పుడల్లా ఒక మాట అనేది. "వియన్నల ఒక్క కప్పు కాఫీతోని దినమంత కూసోవచ్చట. ఎవ్వరు లెమ్మనరట."

మూడేళ్ల కింద ఇద్దరికీ పాస్‌పోర్టులు తీయించింది. వియన్నా, సాల్జ్‌బర్గ్, పది రోజుల టూరు. వాడకట్టంతటికీ చెప్పుకుంది. అవ్వ బొట్టు పెట్టి కొబ్బరికాయ చేతికిచ్చింది. ప్రయాణానికి వారం ముందు నేను వద్దన్నాను. కోటగిరిలో మా అన్నదమ్ముల పొలం కొలతలు ఆ రోజుల్లోనే పెట్టారు. నేను లేకపోతే ఆగేదేమీ లేదు. అది అప్పుడూ తెలుసు.

ఆమె సర్దిన సూట్‌కేసు విప్పలేదు. నేను ఆ పది రోజులూ కోటగిరిలోనే ఉంటే, ఆమె అదే సూట్‌కేసుతో బాల్కొండలో వాళ్లక్క ఇంటికి వెళ్లి పది రోజులుంది. అలిగిందనుకున్నాను. మరుసటేడు మళ్లీ అడిగితే మోకాలి నొప్పి సాకు చెప్పాను. ఆ తర్వాత ఆమె అడగలేదు.

ఆమె పోయిన మూడో రోజు అవ్వ వచ్చి నా పక్కన కూర్చుంది.

"రంది వెట్టుకోకు సారూ. గంత దూరం ఏ మొగడు తోల్కపోతడు? నువ్వు తోల్కపోయినవ్. గా కాఫీ హోటల్ల దినమంత కూసున్నదట. ఒక్కసారన్న నువ్వు లెమ్మనలేదట. ఎన్నిసార్లు జెప్పిందో."

నేను తలూపాను.

బాల్కొండ నుంచి తిరిగొచ్చిన రోజు, చూసొచ్చినవా అని వాళ్లు అడిగి ఉంటారు. చూసొచ్చిన అని ఉంటుంది. ఆ కథ నేను ఇంట్లో లేనప్పుడే చెప్పి ఉంటుంది, నా చెవిన ఎప్పుడూ పడలేదు. నా పరువు కోసమో, తన పరువు కోసమో తెలియదు. అడగడానికి మనిషి లేదు. ఆమె చెప్పిన కథలో నేను మంచివాణ్ని. మూడేళ్లు ఆ మనిషిని ఆమె అరుగు మీద నలుగురి ముందు తయారుచేసింది, ఇంట్లో నాతో కాపురం చేస్తూ.

ఆ రోజు నుంచి వచ్చినవాళ్లందరూ అదే అంటున్నారు. అందరికీ తలూపుతున్నాను. నిజం చెబితే ఆమె అబద్ధమాడిందని తేలుతుంది. చెప్పకపోతే ఆమెకు దక్కని ప్రయాణానికి మెచ్చుకోలు నాకు దక్కుతుంది.

రేపు పొద్దున వాళ్లు చాటలు పెట్టుకుని కూర్చోగానే అరుగు మీదికి వెళ్తాను. మేం వియన్నా పోలేదని చెప్తాను. ఆమె సూట్‌కేసు సర్దుకున్నాక నేనే వద్దన్నానని చెప్తాను.