రామెన్ కొట్టులో గోడ పక్క స్టూలు

దెయ్యాలూ భూతాలూ అంటే నాకు ఒళ్ళు మంట. ఇరవై ఏళ్ళుగా మంగినపూడిలో చేపలు ఎండబెట్టి అమ్ముకుంటున్నదాన్ని. తెల్లారకముందే ఒక్కదాన్నే రేవుకి వెళ్తాను. ఏనాడూ ఏదీ కనబడలేదు. అందుకే ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ జరిగింది జరిగినట్టు చెప్తాను.

నిరుడు జ్వరం వచ్చి తగ్గాక నాకు వాసన తెలియడం మానేసింది. ఎండుచేప మంచిదో కాదో చెప్పేది ముక్కే. తల తుంచి, తుంచినచోట వాసన చూస్తే లోపల తేమ ఉందో లేదో తెలిసిపోతుంది. ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పకుండా కంటితోనూ వేళ్ళతోనూ నెట్టుకొచ్చాను. లోపల మాత్రం ఏడుపే. ఈ పని పోతే నాకింకేం వచ్చు?

మా అన్న కొడుకు శీను బందరులో రామెన్ కొట్టు పెట్టాడు. జపాన్ వాళ్ళ నూడుల్స్ పులుసు అది. ఆ పులుసుకి వేలెడంత చేపలు, ఎండు నెత్తళ్ళే ప్రాణం, అవి నా దగ్గరే తీసుకుంటాడు. ఓ రోజు ఫోన్ చేసి, పులుసు చేదుగా ఉంటోందని తినేవాళ్ళు అంటున్నారని, ఇలాగే ఉంటే సరుకు వేరేచోట తెచ్చుకుంటానని చెప్పాడు. వాసన తెలియక చెడ్డ సరుకే పంపానేమో అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళాను. ఉన్నవి పది స్టూళ్ళు. కాలేజీ పిల్లలూ బ్యాంకు వాళ్ళూ బయట వరుసలో నిలబడ్డారు. నాకు చివరి స్టూలు దొరికింది. ఎడం భుజం గోడకి ఆనుతోంది. కుడిపక్క ఓ టీచరమ్మ చెమట తుడుచుకుంటూ తింటోంది. శీను పొగలు కక్కే గిన్నె నా ముందు పెట్టి లోపలికి పోయాడు. చేదు నాలుకకి తెలిసింది. వాసన మాత్రం సున్నా. ఇక నా పని అయిపోయిందని తల దించుకు కూర్చున్నాను.

అప్పుడు ఎడంపక్క నుంచి ఒక చెయ్యి వచ్చింది. ముసలామె చెయ్యి. మణికట్టు మీద పచ్చబొట్టు, రెండు మట్టి గాజులు. ఎండు నెత్తలి ఒకటి పట్టుకుని తల తుంచింది, గోటితో పొట్ట గీకేసింది, మిగిలింది నా ముక్కు కింద పెట్టింది.

గుప్పుమంది. ఎండ, ఉప్పు, ఇసుక. బంగారం లాంటి సరుకు వాసన! సంతోషంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరిగి చూస్తే గోడ. చేప మాత్రం నా అరచేతిలో ఉంది.

సరాసరి వంటగదిలోకి వెళ్ళాను. శీను నెత్తళ్ళని తలలతో సహా గుప్పెళ్ళకొద్దీ గిన్నెలో వేస్తున్నాడు. మా ఇళ్ళలో చేపలు బాగుచేసేది ఆడవాళ్ళే. మగపిల్లల్ని కత్తిపీట దగ్గరికి కూడా రానివ్వం. తలా పొట్టా తీయాలని వాడికి ఎవరూ నేర్పలేదు. చెప్పాలన్న ఆలోచన నాకూ రాలేదు.

"నా సరుక్కేం కాలేదురా. తలా పొట్టా ఉడికితే చేదు రాక తీపి వస్తుందా?" అన్నాను.

"నాకెవరు చెప్పారత్తా?" అన్నాడు వాడు, మొహం చిన్నబుచ్చుకుని.

ఇద్దరం కింద కూర్చుని ఓ పళ్ళెం నిండా తుంచాం. సాయంత్రం కొత్త పులుసు వాసన నాకు వీధి మలుపు దాకా వచ్చింది. మొదట కూర్చున్నాయన గిన్నె ఎత్తి ఆఖరి చుక్క దాకా తాగి, ఇంకోటి అడిగాడు. శీను అందరి ముందూ నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

మధ్యాహ్నం టీచరమ్మ వెళ్ళిపోయే ముందే ఆమెని అడిగాను, నా పక్కన ఎవరున్నారని. "గోడేనండి. మీరే అటు తిరిగి నవ్వుతున్నారు," అంది.

ఆ చెయ్యి మా అమ్మదా అంటే, అమ్మకి పచ్చబొట్టు లేదు. పని నేర్పిన మా అత్తగారి చెయ్యి నాకు తెలుసు, అది కాదు. తినేచోట ఎండుచేపలు ఉంచే అలవాటే లేదని శీను ఒట్టేశాడు, మరి ఆ చేప నా చేతిలోకి ఎలా వచ్చిందో.

మొన్న రేవులో ఒకాయన నాలుగు ఎండుచేపల బుట్టలు చూపించి అన్నీ ఒకటేనన్నాడు. వాసన చూసి మూడోది పక్కకి తోశాను. తిరగేస్తే అడుగంతా తడి. చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లున నవ్వారు. నేను నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాను. ఈ ముక్కుని నాకు తిరిగిచ్చింది ఎవరో ఎంత ఆలోచించినా అంతుపట్టదు. ఇచ్చింది మాత్రం మళ్ళీ పోలేదు.