కోటు లేని పుల్లమ్మ

పుల్లమ్మ గురించి చెప్పడానికి చాలా ఉంది గానీ, అందులో నేను కూడా ఉన్నాను. అదే వచ్చిన చిక్కు. నా పేరు శేషాచలం. గుంటూరులో ముప్ఫై మూడేళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. ఒకసారి చూసిన మొహం చచ్చినా మర్చిపోనని అందరి దగ్గరా బడాయి కొట్టేవాణ్ణి. ఆ బడాయి ఎలా వదిలిందో చెబుతాను, వినండి.

పుల్లమ్మది పెదకాకాని పక్క పల్లె. పదిహేడో ఏట మార్క్‌ని చేసుకుని గుంటూరొచ్చింది. మార్క్ మిర్చియార్డులో బస్తాలు మోసేవాడు. ఆవిడ ఆ చుట్టుపక్కల గోడౌన్లలో మిరపకాయలకి తొడిమలు తీసే పనికి పోయేది. ఆ పనిలో ఉన్న తల్లి సాయంత్రం ఇంటికెళ్ళి చంటిపిల్లని ఎత్తుకోవాలంటే చేతులు నాలుగు విడతలు కడుక్కోవాలి. లేకపోతే పిల్ల ఒళ్ళు మండి గుక్కపట్టి ఏడుస్తుంది. కూతురు ఆరాధనని అలాగే పెంచింది. తరవాత మున్సిపాలిటీలో కాంట్రాక్టు పని దొరికితే చీపురు పట్టుకుంది. కరోనా వచ్చేనాటికి మా వీధి ఊడవడం మొదలుపెట్టి పదకొండేళ్ళు.

మనిషి సంగతి చెప్పాలంటే, నోరు పెద్దది. తెల్లారుజామున ఐదుకి మస్తరులో హాజరు వేయించుకుని మా మలుపు తిరిగిందంటే అలారం అక్కర్లేదు. ఎవరైనా కారు కడిగి నీళ్ళు రోడ్డు మీదకి వదిలితే గేటు ముందు నిలబడి మరీ కడిగేసేది. నన్నూ వదల్లేదు. ‘డ్రిల్లు సారూ, పిల్లకాయలకి శుభ్రం చెప్పిన చేత్తో ఆ తొక్కలు బయట పారేయమాకండి’ అని వీధి వీధంతా వినేలా అంది. ఒకావిడ నిన్నటి సాంబారు గిన్నెలో పోసి ఇవ్వబోతే, మా ఇంట్లో కుక్క లేదమ్మా అని చక్కా పోయింది. ఎవరింట్లో సీసాలు ఎక్కువయ్యాయో, ఎవరికి షుగరొచ్చిందో చెత్తబుట్ట చూసి చెప్పేసేది. మా అందరి గుట్టూ ఆవిడకి తెలుసు. ఆవిడ గురించి నాకు తెలిసింది మున్సిపాలిటీ వాళ్ళిచ్చిన ఆ నారింజ రంగు కోటు, దాని పైన వినపడే గొంతు, అంతే.

లాక్‌డౌన్ పెట్టాక షాపులు పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకానే అన్నారు. మా మలుపులో ఒక సూపర్‌మార్కెట్ ఉంది. దాని మేనేజర్ అస్లాం నా శిష్యుడే. మూడో రోజుకల్లా షట్టరు దగ్గర తొక్కిసలాట అయ్యేసరికి మా ఇంటికొచ్చి, సార్, మీ విజిల్ పట్టుకుని ఓ గంట నిలబడితే చాలు అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. రోడ్డు మీద సున్నంతో గుండ్రాలు గీయించాను. మొదటి అరగంట అరవై దాటినవాళ్ళకి, నర్సులకి, పోలీసులకి, పారిశుధ్య కార్మికులకి మాత్రమే అని నేనే బోర్డు రాసి తగిలించాను. చేతకానివాళ్ళకీ, మన కోసం బయట తిరిగేవాళ్ళకీ ముందు దొరకాలి, అదీ న్యాయం అని వరుసలో ఉన్నవాళ్ళకి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను.

ఆ దెబ్బతో మా కాలనీలో ముసలమ్మలకి గిరాకీ పెరిగింది. ఎన్నడూ గడప దాటనివ్వని అత్తగార్లని కోడళ్ళు చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చారు. ఒక బామ్మగారైతే ఒకరోజు మనవడితో వచ్చింది, మర్నాడు పైవాటా వాళ్ళతో వచ్చింది, ఆ మర్నాడు ఎదురింటి వాళ్ళతో. నేను చూడలేదా? చూశాను. పెద్దావిడని ఏమంటాంలే అని నవ్వి ఊరుకున్నాను. మనవాళ్ళ దగ్గరికొచ్చేసరికి నా విజిల్ మోగలేదు.

ఏప్రిల్ మూడో వారంలో ఒకరోజు పుల్లమ్మ వచ్చింది. చీపురు గోడకి ఆనించి, కోటుతోనే మూడో గుండ్రంలో నిలబడింది. ఆ ముందు గుండ్రంలో ఉన్నాయన పక్కకి తప్పుకున్నాడు. వెనక ఉన్న మా కాలనీ రాగసుధగారు రెండు గుండ్రాలు వదిలేసి వెనక్కి జరిగింది. ఆమె వెనకవాళ్ళు ఇంకా వెనక్కి. క్షణంలో పుల్లమ్మ చుట్టూ రోడ్డు ఖాళీ అయిపోయింది. రాగసుధగారు నన్ను సైగ చేసి పిలిచింది. చెడ్డావిడ కాదు. ఇంట్లో నెలల మనవరాలుందట, భయం. మాస్టారూ, నేనేం అనడం లేదండీ, కానీ ఊళ్ళో చెత్తంతా ఎత్తిన బట్టలు కదా అంది. పక్కవాళ్ళు తలలూపారు.

నెల కిందట వీళ్ళకే మేమంతా మేడలెక్కి చప్పట్లు కొట్టాం. నేను స్టీలు పళ్ళెం సొట్టపోయేలా వాయించాను.

పుల్లమ్మ దగ్గరికి వెళ్ళి, మూడు గజాల దూరంలో ఆగి, ఏం కావాలని అడిగాను. పాలపొడి డబ్బా అంది. ఆరాధన పురుటికొచ్చింది, పెద్దాసుపత్రిలో ఆడపిల్ల పుట్టి పద్దెనిమిది రోజులు. తల్లికి జ్వరం తగిలి పాలు ఆగిపోయాయి. గేదెపాలు పట్టొద్దు, డబ్బాపాలే పట్టమని డాక్టరమ్మ చెప్పింది. వాళ్ళ పేటలో కొట్లలో ఆ డబ్బా దొరకదు. మెడికల్ షాపుల్లో అయిపోయింది. పదకొండుకి డ్యూటీ దిగేసరికి అన్నీ మూసేస్తున్నారు. పని చేయించే మేస్త్రిని బతిమాలి పది నిమిషాలు అడిగి వచ్చింది.

ఇదంతా విని నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, నలుగురితో గొడవెందుకమ్మా, రేపు ఆ కోటు తీసేసి రా, అందరికంటే ముందు నిన్నే పంపిస్తా అన్నాను. ఎంతో తెలివిగా సర్దుబాటు చేశాననుకున్నాను. ఆవిడ ఒకసారి కోటు వంక చూసుకుంది. సరే సారూ అని చీపురు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ చీపురు తీసుకెళుతున్న మనిషిని ఆపి, లోపలికెళ్ళి ఆ డబ్బా నేనే తెచ్చి చేతిలో పెట్టొచ్చుగా! ఆ ఆలోచనే రాలేదు నాకు. గుండ్రాలు మళ్ళీ నిండాయి, నాకు అదే తృప్తి.

మర్నాడు మాట నిలబెట్టుకుందామనే వెళ్ళాను. షాపులో ఆ డబ్బాలు రెండే మిగిలాయంటే, ఒకటి కౌంటరు దగ్గర తీసి పెట్టమన్నాను. నారింజ రంగు ఎక్కడన్నా కనపడుతుందేమోనని రోడ్డు ఆ చివర దాకా చూస్తూనే ఉన్నాను. చూశారా నా తెలివి! కోటు తీసేసి రమ్మన్నది నేను, కోటు కోసం వెతికిందీ నేనే.

ఆరుంబావు అప్పుడు పసుపురంగు చీర కట్టుకున్న ఒకావిడ వరుసలోకి వచ్చింది. ఇస్త్రీ మడతలు నలగలేదు. తల తడిగా ఉంది, నున్నగా దువ్వుకుంది. మాస్కు మీద కొంగు కప్పుకుంది. చూస్తే అరవై లేవు, నర్సు బట్టలు కావు. ముందు రోజే ఇద్దరు కుర్రవాళ్ళు నర్సుల అన్నదమ్ములమని చెప్పి లోపలికి దూరారు. నాకు మంటగా ఉంది. ఇది ముసలివాళ్ళ లైను, మీరెవరమ్మా అన్నాను.

“నేను సారూ,” అంది ఆవిడ, చిన్నగా.

“నేనంటే? పేరు లేదా? కార్డు చూపించు.”

ఆవిడ చెయ్యి ఎడమ భుజం దగ్గరికి వెళ్ళింది, అక్కడ ఏదో ఉండాల్సినట్టు. ఏమీ లేదు. ఏదో చెప్పబోయింది. వెనక నుంచి ఎవరో, మాస్టారూ లైను కదలనివ్వండి అని అరిచారు. నేను విజిల్ ఊదాను. వెనక్కి వెళ్ళి అందరితో పాటు నిలబడమని చేత్తో చూపించాను. పిల్లలకి చూపించినట్టే, చెయ్యి బారుగా చాపి. ఆవిడ నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. తరవాత నడుచుకుంటూ వెళ్ళిపోయింది. వెనక నిలబడలేదు.

తొమ్మిది కావస్తుంటే అస్లాం ఆ డబ్బా ఏం చేయమంటారని అడిగాడు. మనం ఎంత చేసినా వీళ్ళింతేరా, టైముకి రారు, ఎవరికన్నా ఇచ్చెయ్ అన్నాను. న్యాయం అని ఉపన్యాసం ఇచ్చిన నోటితోనే అన్నాను. అప్పుడే బిల్లు కట్టబోతున్న వాళ్ళెవరో తీసుకుపోయారు.

మూడో రోజు ఐదున్నరకి వీధిలో చీపురు చప్పుడు వినపడింది. గొంతు మాత్రం వినపడలేదు. నేను గేటు దగ్గరికి వెళ్ళాను. అడగడం కూడా కాదు, దబాయించాను. నీ కోసం డబ్బా తీయించి పెట్టి మూడు గంటలు ఎండలో చూశాను, మనవరాలి మీద ఆ మాత్రం శ్రద్ధ ఉండక్కర్లేదా అన్నాను.

పుల్లమ్మ ఊడవడం ఆపింది.

“వచ్చా సారూ,” అంది. “తమరే యెనక్కి పొమ్మన్నారు.”

నువ్వు రాలేదనే అన్నాను. నువ్వొస్తే నాకు తెలియదా అని కూడా అన్నాను. ఆవిడ వాదించలేదు. పసుపు చీర సారూ, అంది. చర్చికి కట్టుకునే చీర అది. మేస్త్రి దగ్గర ఆరున్నర దాకా సెలవు చెప్పి, ఇంటికెళ్ళి తలస్నానం చేసి కట్టుకొచ్చాను, ఎవరికీ ఇబ్బంది ఉండగూడదని. కార్డు కోటుకే కుట్టేసి ఉంటది సారూ, అంది.

తల కొట్టేసినట్టయింది. భూమి బద్దలై మింగేసినా బాగుండేది. పదకొండేళ్ళు రోజూ మా గేటు ముందు నిలబడిన మనిషి. నా ఎదురుగా, ఇంత దగ్గరగా నిలబడి నేను సారూ అంటే, నేనంటే ఎవరు అని అడిగాను. మాస్కు అడ్డం వచ్చిందని నాకు నేను చెప్పుకోబోయాను. మాస్కులో ఉన్నా రాగసుధగారిని వీధి చివర నుంచి గుర్తుపడతాను. ఆ బామ్మగారిని మూడు ఇళ్ళవాళ్ళతో వచ్చినా గుర్తుపట్టాను. పుల్లమ్మ మొహం నేనసలు ఏనాడూ చూడలేదు, అదీ నిజం.

పాప సంగతి ఆవిడే చెప్పింది. పక్కింటి షహనాజ్‌కి చంటిబిడ్డ ఉంటే, రెండు రోజులుగా ఆమే ఈ పాపకి కూడా పాలిస్తోందట. ఆమె బిడ్డకే చాలడం లేదు, ఇయ్యాళ ఎట్టా అవుద్దో తెలియదు అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు పరిగెత్తాను. అస్లాం దగ్గర ఉన్న రెండో డబ్బా కూడా నిన్ననే పోయింది. బండి మీద నాలుగు మెడికల్ షాపులు తిరిగాను. పోలీసులు ఒకచోట ఆపి లాఠీ చూపించారు. చివరికి సిగ్గు విడిచి రాగసుధగారి తలుపు కొట్టి, ఎవరి కోసమో చెప్పి అడిగాను. ఆవిడ లోపలికెళ్ళి మూత తీయని డబ్బా తెచ్చిచ్చింది. పాల కోసమని ఆ రోజే చెబితే అప్పుడే ఇచ్చేదాన్ని కదా మాస్టారూ అంది. నిజమే, ఆవిడకి నేను చెప్పలేదు. ఎవరినీ నిందించడానికి లేకుండా పోయింది.

వీధి చివర చెత్త తోపుడుబండి దగ్గర పుల్లమ్మ దొరికింది. డబ్బా పిట్టగోడ మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాను. ఆ రెండడుగులు వేశాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. ఆవిడ చూసింది. డబ్బా తీసుకుని కొంగుతో తుడిచి, కోటు లోపల పెట్టుకుంది. ఆరాధన మొహం చూడాలి సారూ ఇప్పుడు, అంది. అంత జరిగాక కూడా, మాస్కు జారిన ఆ మొహంలో సంతోషం కనపడింది. అప్పుడే, మొదటిసారి, ఆ మొహం సరిగ్గా చూశాను. కళ్ళ చుట్టూ మిరప పని నాటి నల్లటి మచ్చలున్నాయి.

క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. ఆవిడే ముందు మాట్లాడింది.

“ఈ డబ్బా నాలుగు రోజులొస్తది సారూ. మళ్ళీ వచ్చేటప్పుడు కోటేసుకుని రమ్మంటారా, తీసేసి రమ్మంటారా? ఒకటి ఖాయంగా చెప్పండి.”

వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగింది. వేసుకునే రామ్మా, ఎవడు తప్పుకుంటాడో నేను చూస్తా, అనాలి. అంతే అనాలి, ఒక్క ముక్క. గుండ్రాలు ఖాళీ అయిపోవడం కళ్ళ ముందు మెదిలింది. రాగసుధగారు, పైవాటావాళ్ళు, అందరూ నా వంక చూడడం మెదిలింది.

“నువ్వెందుకమ్మా అంత శ్రమ పడడం,” అన్నాను. “ఏం కావాలో చెప్పు, నేనే తెచ్చి ఇక్కడ పెడతా.”

పుల్లమ్మ చీపురు తీసి బండిలో పెట్టింది.

“అంటే రావద్దంటారు,” అంది.

నేను కాదనలేదు.